తడి లాట్ ముందుకు రాలేదు

నేను కంప్యూటరు పని చేసినవాణ్ని కాను. అక్షరాలు కూడా నలభై ఒకటో ఏట నేర్చుకున్నవాణ్ని. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను. పైథాన్ అనే కంప్యూటరు భాష లోపల ఏం జరుగుతుందో నాకు కొద్దో గొప్పో తెలిసింది, నా కొడుకు కూతురు మూడు రోజులపాటు నా ఎదుట కూర్చుని గొణగడం వల్ల. ఎక్కడైనా తప్పు రాస్తే ఆ తప్పు నాది, ఆమెది కాదు.

ఆమె నాకు చెప్పడానికి కారణం ప్రేమ కాదు. ఎక్కడైనా చిక్కుపడితే ఎవరో ఒకరికి పైకి చెప్పుకోమని, చెప్తుంటే తప్పు దానంతటదే బయటపడుతుందని కాలేజీలో చెప్పారట. వినేవాడికి అర్థం కావలసిన పని కూడా లేదట. రాయచూరులో మా ఇంట్లో వాళ్ల నాన్న ఆటో తోలుకుంటూ రోజంతా బయటే ఉంటాడు. వాళ్లమ్మకు తీరిక ఉండదు. అర్థం కాకుండా ఊరికే వినడానికి ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ని.

విషయం ఇది. ఊరి బయట ఒక బియ్యం మిల్లు ఉంది. దాని యజమాని వాళ్లది కాలువ కింద వరి సాగు కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వడ్లు ఆరబెట్టే చప్టా మీదికి ఏ లాట్ ముందు పోవాలో ఏది తర్వాత పోవాలో ఆయన రోజూ పొద్దున కాగితం మీద రాసి మేస్త్రి చేతికి ఇస్తాడు. లాట్ అంటే ఒక ఊరి నుంచి ఒక లారీలో వచ్చిన బస్తాలన్నీ కలిపి. ఆ కాగితం కంప్యూటరు రాయగలదా అని మా పిల్లను అడిగాడు. గురువారం పొద్దున చూపించమన్నాడు. తను రాసిన కాగితమూ అది తీసిన కాగితమూ ఒకటైతే ఉద్యోగం, కాకపోతే లేదు.

డిగ్రీ అయ్యాక ఏడాదిగా ఆమె ఇంట్లోనే ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే బజారులో బట్టల దుకాణం కౌంటరు దగ్గర నిలబడతానని వాళ్ల నాన్నకు మాట ఇచ్చేసింది. దుకాణం వాళ్లు శుక్రవారం నుంచే రమ్మన్నారు. కాబట్టి ఆమెకు మిగిలింది సోమ, మంగళ, బుధ. అంతే.

మిల్లులో నియమం చిన్నదే. ముందు వచ్చిన లాట్ ముందు పోవాలి. ఒకటే మినహాయింపు. వానలో తడిసిన లాట్ చివర వచ్చినా సరే, అన్నిటికంటే ముందు పోవాలి. తడి వడ్లు బస్తాలో ఉంటే లోపల వేడెక్కుతాయి, బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకా ఉంచితే మొలకలొస్తాయి. ముసురు వల్ల ఆ వారం గురువారం దాకా చప్టా మీదికి ఏదీ పోలేదు, కొత్త లారీ కూడా రాలేదు; మిల్లులో అప్పుడున్న ఎనిమిది లాట్లనే ఆమె కంప్యూటరులో ఎక్కించుకున్నది. అందులో మస్కి నుంచి వచ్చినది చివరిది, తడిసినదీ అదే. అది మొదటికి రావాలి. రాలేదు. ఎనిమిదో చోటనే కూర్చుంది.

"తాతా, విను. ఊ కొట్టు, అంతే" అన్నది.

"ఊ."

"ముందుగాల లాట్ అంటే ఏందో ఒక రకం రాసిన. క్లాసు అంటరు. లాట్‌కు ఊరు ఉంటది, వచ్చిన దినం ఉంటది, తేమ ఉంటది అని. గది లాట్ కాదు, లాట్ అంటే ఎట్లుండాల్నో చెప్పేది."

"ఊ."

"మల్ల ఆ రకాన్ని పిలిస్తే ఒక లాట్ పుడతది. ఎనిమిదిసార్లు పిలిచిన, ఎనిమిది పుట్టినయ్. నేను ఫలానా రకం దాన్ని అని ప్రతిదాని లోపల ఒక గుర్తు ఉంటది."

తెర మీద ఉన్నది ఇంగ్లీషు. నాకు కన్నడం, తెలుగు వస్తాయి, అది రాదు. కొన్ని పేర్లకు ముందు రెండు గీతలు, వెనక రెండు గీతలు ఉండటం మాత్రం కనిపించింది. అవేంటని అడిగాను. ప్రత్యేకమైన పనులట. రకం లోపల మామూలు పనులూ రాయవచ్చు, వాటిని మనం పేరు పెట్టి పిలుచుకుంటాం. ఈ గీతల పేర్లున్నవాటిని మనం పిలవనక్కర్లేదు. రెండు వస్తువుల మధ్య చిన్నది అనే గుర్తు పెడితే, కూడిక గుర్తు పెడితే, నీలో ఎన్ని ఉన్నాయని అడిగితే, భాష తానే లోపలికి పోయి ఆ పనిని వెతికి చేయిస్తుంది. వరుస పెట్టమన్నా అంతే, అక్కడ చిన్నది అంటే ముందు పోయేది. రెండు లాట్లను తీసుకుని ఇది దానికంటే ముందా అని అడుగుతుంది, ఇంకో రెంటిని తీసుకుని మళ్లీ అడుగుతుంది. వచ్చిన దినం చూసి జవాబు చెప్పమని ఆమె రకంలో రాసింది.

మస్కి లాట్‌కు మాత్రం వేరే జవాబు కావాలి. అందుకు ఆమె మిల్లులో జరిగేదే చేసింది. ఒక లాట్ గురించి ప్రత్యేకంగా ఏదైనా చెప్పాల్సి వస్తే మిల్లులో బస్తా మూతికి చీటీ కడతారు. ఆమె ఆ ఒక్క మస్కి లాట్ మీద, ఎవరు అడిగినా నేనే ముందు అని చెప్పే పనిని అంటించింది. ఆ భాష అడ్డు చెప్పదు. ప్రతి వస్తువుకూ సొంత సంచి లాంటిది ఒకటి ఉంటుంది, ఏది ఇస్తే అది అందులో పడేసుకుంటుంది. ఆమె సరిచూసుకుంది కూడా. మస్కి లాట్‌ను ఆ గీతల పేరుతోనే పిలిచి నువ్వు ముందా అంటే ఔనన్నది. వరుస పెట్టమంటే ఎనిమిదోది.

"ఏమే, యంత్రం ఖరాబైందేమో."

"ఖరాబైతే ఔనని ఎట్లంటది? నువ్వు ఊ కొట్టు తాతా, సలహాలొద్దు."

సోమవారం అట్లా పోయింది. మంగళవారం పొద్దున టిఫిను కూడా తినకుండా కూర్చుని, ఈసారి పేరు పెట్టి పిలవకుండా రెండు లాట్ల మధ్య ఆ చిన్నది అనే గుర్తు పెట్టి అడిగింది. కాదు అని వచ్చింది.

"చూసినవా? పేరు పెట్టి పిలిస్తే ఔనంటది. గుర్తు పెట్టి అడిగితే కాదంటది. ఒక్క నోట్లకెల్లి రెండు మాటలు!"

నేను ఊ కొట్టలేదు.

"గుర్తు పెట్టి అడిగినప్పుడు చీటీ చూస్తలేడు బిడ్డా."

"ఎవరు?"

"లోపల ఉన్నోడు."

"లోపల ఎవడుండు?"

"మేస్త్రి. నా అసొంటోడు."

ఇది చెప్పుకోవాలి. ఒక మిల్లులో నేను హమాలీల మేస్త్రిగా ఉన్న రోజుల్లో నాకు ఒక్క అక్షరం రాదు. దానివల్ల పనేమీ ఆగలేదు. బస్తా మూతి కుట్టిన సుత్లీ దారం రంగు చూసేవాణ్ని. ఎర్ర దారమైతే ఉప్పుడు బియ్యానికి, తొట్టిలో ఉడకాలి. తెల్లదైతే పచ్చి బియ్యానికి, నేరుగా మరకు పోవాలి. ఏ రంగుకు ఏం చేయాలో నా తలలో ఉండేది. లారీ దిగేటప్పుడు ఒక్కో బస్తా రెప్పపాటు నా ముందు ఆగేది, అంతలో చెయ్యి చూపించేవాణ్ని. ఒకసారి ఆరు బస్తాలకు ఎర్ర దారం ఉంది, మూతికి చీటీ కూడా ఉంది. విత్తనం వడ్లు, పక్కన పెట్టమని. నేను దారం చూశాను, తొట్టికి పంపాను. ఉడికిన వడ్లు మొలకెత్తవు. సాయంత్రం ఆ రైతు వచ్చి తొట్టి దగ్గర నిలబడ్డాడు. తిట్టలేదు. కాసేపు ఆవిరి చూసి వెళ్లిపోయాడు. ఆ వారమే నేను బడి వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పే చోటికి పోయి పలక పట్టుకున్నాను. అక్కడ నేర్పింది కన్నడ అక్షరాలు. వాటి తలలు కొంచెం మార్చి చూసుకుంటూ తెలుగు తర్వాత నేనే చదువుకున్నాను.

ఆమె ఇదంతా మధ్యలో ఆపకుండా విన్నది. మామూలుగా అట్లా వినదు.

"అయితే దారం అంటే రకం. చీటీ అంటే నేను అంటించింది" అన్నది. కొంతసేపు ఏదో వెతికి చదివింది. చదివి నన్ను సరిదిద్దింది. "నువ్వు చెప్పింది సగమే తాతా. నీకు చదువు రాదు గనక చూడలేదు. దీనికి చదువు వచ్చు, వచ్చి కూడా కావాలనే చూడదు."

ఆమె చదివి చెప్పింది ఇది. రకం రాస్తే, ఆ రాతను భాష పైనుంచి కింది దాకా ఒకసారి నడుపుతుంది. నడిచేటప్పుడు పుట్టిన పేర్లన్నిటినీ పోగేసి ఆ పోగుతో రకాన్ని తయారు చేస్తుంది. రకం లోపల గూళ్లు ఉంటాయి. పోల్చడానికి ఒక గూడు, కూడడానికి ఒకటి, ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఒకటి. గీతల పేరున్న పని ఏదైనా కనిపిస్తే దానికి తగిన గూట్లోంచి ఆ పనికి దారి పెట్టేస్తుంది. తర్వాత ఎక్కడైనా చిన్నది అనే గుర్తు ఎదురైతే, వస్తువు లోపలున్న గుర్తును బట్టి అది ఏ రకమో చూసి, నేరుగా ఆ రకం గూట్లో చెయ్యి పెడుతుంది. వస్తువు సొంత సంచి తెరవనే తెరవదు. మనం పేరు పెట్టి పిలిస్తే మాత్రం సంచిలోనూ చూస్తుంది. అందుకే ఒకే లాట్‌కు రెండు జవాబులు.

"గట్లెందుకు పెట్టుకున్నరు?"

"నువ్వే చెప్పు. లారీ దిగుతుంటే ప్రతి బస్తా కాడ ఆగి చీటీ విప్పి చదివితే?"

"లారీ మర్నాటికి దిగదు."

"గదే. వరుస పెట్టేటప్పుడు వేలసార్లు అడుగుతది."

ఇంకో కారణం ఉంది. అది రెండుసార్లు చెప్పించుకుంటే గాని నాకు ఎక్కలేదు. ఆ భాషలో రకం కూడా ఒక వస్తువే, దానికీ పైన ఒక రకం ఉంటుంది. లాట్ అనే రకం సంచిలో ఉన్నవి, లాట్లు ఎట్లా జవాబు చెప్పాలో రాసిన మాటలు. లాట్లను వదిలి ఆ రకాన్నే నిలబెట్టి ఎవరైనా ఏదైనా అడిగితే, అది తన సంచిలో వెతుక్కుని లాట్ల జవాబు తీసి తనదిగా చెప్పే ప్రమాదం ఉంది. అందుకని ఎవరిని అడిగినా వాళ్ల పై రకం దగ్గరికే పోవాలని కట్టడి. మేస్త్రి జేబులో హమాలీలకు చెప్పాల్సినవి రాసి ఉంటాయి. నువ్వెక్కడ నిలబడాలి అని మేస్త్రినే అడిగితే ఆ జేబులోంచి చదవకూడదు, సావుకారు తనకు ఏం చెప్పాడో అది చెప్పాలి. నాకు ఇట్లా అర్థమైంది.

అర్థమైంది గదా అని సలహా ఇచ్చాను.

"అయితే చీటీ తీసెయ్. నేనే ముందు అనే మాట రకం మీదనే రాయి."

"అందరికీ తగులుతది తాతా."

"రాసి చూడరాదే."

నా నోరు మూయించడానికే రాసింది. రకం మీద మాట మారిస్తే అంతకుముందే పుట్టిన లాట్లకు కూడా ఆ క్షణం నుంచే కొత్త మాట వర్తిస్తుందట. అవి మాటను తమ దగ్గర దాచుకోవు, ప్రతిసారీ రకాన్ని చూడాల్సిందే. మళ్లీ వరుస పెట్టింది. మస్కి లాట్ మొదటికి వచ్చింది.

"వచ్చింది చూడు! ముసలోడు చెప్పిండని రాయి మీ సేట్‌కు."

"సంబరపడకు. రెండోది చూడు."

రెండోది నిన్న కాక మొన్న వచ్చిన లాట్. మూడోది దానికి ముందు రోజుది. అన్నిటికంటే ముందు వచ్చినది అట్టడుగున ఉంది. జాబితా మొత్తం తలకిందులైంది. అదెట్లాగో ఆమె విడమర్చింది. వరుస పెట్టేది ప్రతి లాట్‌నూ, నీ ముందున్నదానికంటే నువ్వు ముందా అని అడిగింది. రకంలో ఉన్నది ఒకే జవాబు గనక ప్రతిదీ ఔనన్నది. అయితే ఇది పూర్తిగా వెనక నుంచి ముందుకు ఉన్న జాబితా అనుకుని అది ఒక్కసారే తిప్పేసింది.

"మస్కిది చివర ఉన్నది గనక మొదటికొచ్చింది. నీ తెలివి గాదు."

"గురువారం ఇదే పట్టుకపోతే?"

"మొదటి లైను చూసి సంతోషపడతడు, రెండో లైను చూసి బట్టల దుకాణానికి పంపుతడు."

బుధవారం ఆమె సరైన దారి పట్టింది. చీటీ తీసేసింది, రకం మీద నా మాటా తీసేసింది. లాట్ అనే రకం కింద తడి లాట్ అని ఇంకో రకం రాసింది. ఊరు, దినం, తేమ ఇవేవీ మళ్లీ రాయలేదు. పిల్ల రకంలో లేనిది పెద్ద రకంలో వెతకడం ఆ భాష పద్ధతి. ముందు పిల్ల, తర్వాత పెద్ద, చివరికి అన్ని రకాలకూ మూలమైనది ఒకటి ఉందట, అక్కడిదాకా పోతుంది. పిల్ల రకంలో ఆమె రాసింది రెండు జవాబులే. నువ్వు ముందా అంటే ఔను. నువ్వు వెనకా అంటే కాదు.

రెండోది ఎందుకని అడిగాను. మామూలు లాట్ ఒకటి తడి లాట్‌ను చూసి నేను నీకంటే ముందా అన్నదనుకోండి. మామూలుగా అడిగినదాని రకమే జవాబు చెప్పాలి. కానీ ఎదుటిది తన రకంలోంచే పుట్టిన పిల్ల రకమైతే, భాష ప్రశ్నను తిప్పి ఆ పిల్లనే ముందు అడుగుతుంది, నువ్వు దీని వెనకా అని. పెద్ద రకాన్ని రాసేనాటికి పిల్ల రకం లేదు, దాని సంగతి పెద్దదానికి తెలియదు. పిల్లకు రెంటి సంగతీ తెలుసు. ఈ మాట నాకు నచ్చింది. మనుషుల్లో ఇట్లా అడగరు.

ఈసారి మస్కి మొదట, మిగిలిన ఏడూ వచ్చిన వరుసలో. ఆమె లేచి పోయి అన్నం పెట్టుకుని తిన్నది.

గురువారం పొద్దున వాళ్ల నాన్న ఆటోలోనే మిల్లుకు పోయాం. మావాడు మమ్మల్ని దించి బాడుగకు పోయాడు. మిల్లు యజమాని ఆఫీసు గది ముందు కుర్చీలో ఉన్నాడు.

"రామ్మా. ఏం పెద్దాయనా, తమరూ వచ్చారా?"

"ఊరికే వచ్చిన."

"కూర్చోండి. ఒరేయ్, టీ చెప్పు. ఏదమ్మా, తియ్యి చూద్దాం."

ఆమె లాప్‌టాప్ తెరిచి జాబితా తీసింది. ఆయన జేబులోంచి తన కాగితం తీసి మడత విప్పి, ఒక వేలు కాగితం మీద, ఒక వేలు తెర మీద పెట్టి ఒక్కో ఊరు పైకి చదివాడు. ఎనిమిదీ ఒకటే. ఆయన తల పైకెత్తబోతుండగా మేస్త్రి వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను మామా అంటాడు.

"సార్, గబ్బూరు లాట్ మీద కప్పిన తాడిపత్రి పట్టా వానకు చిరిగింది. కింది బస్తాలన్నీ నానినయ్. ఇప్పుడే చూసిన." పిడికెడు వడ్లు తెచ్చి బల్ల మీద పోశాడు. యజమాని వాటిని తేమ మీటరులో వేసి చూసి, పెదవి విరిచి, తన కాగితం మీద గబ్బూరును కొట్టేసి అన్నిటికంటే పైన రాశాడు. దాని కింద మస్కి.

"మరి నీది కూడా మారాలి కదమ్మా. దాన్ని మామూలు లాట్ అని ఎక్కించేశావు. మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాలా?"

"అక్కర్లేదండి. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి రకం మారుస్త."

ఒక్క లైను రాసింది. ఆ లాట్ లోపల నేను ఫలానా రకం అని ఉండే గుర్తును తడి లాట్ వైపు తిప్పింది. మీటరు చూపించిన తేమ కూడా ఎక్కించింది. ఊరూ దినమూ ఎక్కడివక్కడే. మళ్లీ వరుస పెట్టింది. మస్కి మొదట, గబ్బూరు రెండోది.

ఆయన తన కాగితం చూశాడు. "తేడా వచ్చిందమ్మా."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఏం మామా, నీ మనవరాలి పెట్టెకు గబ్బూరు తెల్వదా ఏంది?"

"తెల్వక గాదు, నేను రాయలేదు" అన్నది ఆమె, యజమాని వైపే చూస్తూ. "రెండు తడి లాట్లు ఎదురుపడితే ఏం చెప్పాల్నో నాకెవరూ చెప్పలేదండి. ఇప్పుడు రెండూ నేనే ముందంటున్నయ్. వెనకకెల్లి వచ్చి అడిగినదాని మాట చెల్లింది. మీరు గబ్బూరుది ముందు ఎందుకు రాసిండ్రు?"

"ఎందుకేంటమ్మా? అది ముందు పోవాలి, రాశాను."

"ముందొచ్చిందనా?"

"కాదు. మస్కిది ముందొచ్చి ఉన్నా నేను గబ్బూరుదే రాద్దును."

"మరెందుకు?"

ఆయన టీ గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. ఇన్నేళ్లుగా రాస్తున్న మనిషిని ఈ మాట ఎవరూ అడిగినట్టు లేదు. "తేమ. దాని తేమ ఎక్కువ."

"రెండింటి తేమ ఒక్కటే అయితే?"

ఆయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి, "ముందొచ్చింది సార్, ఇంకేముంది" అన్నాడు.

"అదే. ముందొచ్చింది."

ఆమె నిలబడే రాసింది. ఎదురుగా ఉన్నది కూడా తడి లాటే అయితే తేమ చూడు, తేమ సమానమైతే దినం చూడు. ముందా అనే ప్రశ్నకు ఒకసారి, వెనకా అనే ప్రశ్నకు ఒకసారి. నా గ్లాసులో టీ చల్లారలేదు. గబ్బూరు, మస్కి, మిగిలిన ఆరు. ఆయన మళ్లీ రెండు వేళ్లూ పెట్టి చదివాడు.

"సోమవారం నుంచి రామ్మా. ఒక నెల చూద్దాం."

నాకు మింగుడు పడలేదు. "రెండు కాగితాలు ఒకటైతే ఉద్యోగం అన్నరు. నెల అనలేదు."

"మధ్యలో ఒకసారి ఒకటి కాలేదు కదండీ పెద్దాయనా."

ఆ మాట నిజమే. ఆయన కాగితాన్ని ఉండ చుట్టబోయాడు.

"అది నాకియ్యండి" అన్నది ఆమె.

"ఎందుకమ్మా? అయిపోయింది కదా."

"అయిపోలేదండి. ఈ నెలంతా మీరు రోజూ కాగితం రాయండి, నేనూ తీస్త. తేడా వచ్చిన నాడు, మీ తలలో ఉన్నదేదో నేను రాయలేదన్నట్టు."

ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసి ఇచ్చాడు. మేస్త్రి అప్పటికే గబ్బూరు బస్తాల దగ్గర నిలబడి హమాలీలను కేకేస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆమె దుకాణానికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. ఆయన ఇంకా కాగితం రాస్తూనే ఉన్నాడు. వారానికి ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది. ఆ రోజు ఆయన మొహం ముడుచుకుంటాడట. ఈమె మాత్రం ఆ కాగితం సంచిలో పెట్టుకుని, ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా లాప్‌టాప్ తెరుస్తుంది.